ఆల్లా ప్రైమాలో ఎడ్జెస్: ఎక్కడ కోయాలి, ఎక్కడ కలిపేయాలి

ఆల్లా ప్రైమా అంటే ఆయిల్ పెయింటింగ్‌లో కింద పొర ఆరేదాకా ఆగకుండా తడి రంగు మీదే తడి రంగు వేసుకుంటూ బొమ్మని ఒక్క సిట్టింగ్‌లో తేల్చేయడం, 17వ శతాబ్దంలో డచ్ చిత్రకారుడు ఫ్రాన్స్ హాల్స్ దగ్గర్నుంచి అమెరికన్ చిత్రకారుడు జాన్ సింగర్ సార్జెంట్ దాకా చాలామంది ఇలా వేసినవాళ్ళే. కొత్తవాళ్ళు రంగుల గురించే తెగ కంగారు పడతారు గానీ బొమ్మ అట్టముక్క అతికించినట్టు బిగుసుకుపోయేది ఎక్కువగా ఎడ్జెస్ వల్లే, అన్ని అంచులూ ఒకేలా గీసేస్తారు కదా.

రంగులు తక్కువ పెట్టుకోండి. స్వీడిష్ చిత్రకారుడు ఆండర్స్ జోర్న్ పేరుతో పిలిచే జోర్న్ పాలెట్ చాలు, నాలుగే రంగులు: ఎల్లో ఆకర్, వెర్మిలియన్, ఐవరీ బ్లాక్, వైట్. వెర్మిలియన్ (ఎరుపు) బదులు ఇప్పుడు చాలామంది క్యాడ్మియం రెడ్ లైట్ వాడుతున్నారు.

మొదలుపెట్టడానికి తెల్ల గుడ్డ మీద తెల్ల గుడ్డు పెట్టి, ఒక పక్క నుంచి లైట్ వేయండి. ఇప్పుడు కళ్ళు సగం మూసి చూడండి. వెలుగు పక్క గుడ్డు అంచు గుడ్డలో కలిసిపోయి కనబడదు, అది లాస్ట్ (lost) ఎడ్జ్, అంటే మాయమైన అంచు, అక్కడ గీత గీయకండి ప్లీజ్. గుడ్డు ఒంపు మీద వెలుగు నీడలోకి తిరిగేచోట సాఫ్ట్ ఎడ్జ్, అంటే మెల్లగా కలిసే అంచు. కింద పడ్డ నీడ గుడ్డుకి ఆనుకున్నచోట హార్డ్ ఎడ్జ్, అంటే కోసినట్టు స్పష్టమైన అంచు, దూరం పోయేకొద్దీ మెత్తబడుతుంది.

వేసేటప్పుడు నీడలు పల్చగా, వెలుగులు మందంగా. నీడలో తెల్ల రంగు దూరిందంటే సుద్దలా అయిపోతుంది. హార్డ్ ఎడ్జ్‌కి శుభ్రమైన బ్రష్ నిండా రంగు తీసుకుని ఒక్కసారి పెట్టి ఎత్తేయాలి, మళ్ళీ ముట్టుకోకూడదు. సాఫ్ట్ కావాలంటే రెండు రంగుల మధ్య వాల్యూ (వెలుగు-ముదురు స్థాయి) ఒకటి కలిపి సరిహద్దులో పెట్టడం నా దృష్టిలో బెస్ట్, లేదా పొడి బ్రష్‌తో సరిహద్దు మీదుగా తేలిగ్గా ఒక్కసారి లాగండి, పదిసార్లు రుద్దితే మిగిలేది బురదే. ప్రతి స్ట్రోక్‌కీ బ్రష్ గుడ్డతో తుడవాల్సిందే, విసుగ్గా ఉంటుంది కానీ తప్పదు. పెట్టిన స్ట్రోక్ నచ్చకపోతే దానిమీద ఇంకో రంగు వేయకండి, పాలెట్ నైఫ్‌తో గీకేసి కొత్తగా పెట్టండి.

పోర్ట్రెయిట్‌లో కూడా ఇదే లెక్క, హార్డ్ ఎడ్జెస్ కంటి దగ్గరో చూపు ఆగాల్సిన ఇంకోచోటో రెండు మూడు ఉంచి, జుట్టు బ్యాక్‌గ్రౌండ్‌ని తాకేచోట రెండూ తడిగా ఉండగానే కలిపేయండి.