మిక్సర్ లాస్ కొలిచే ముందు ఎల్‌ఓను పోర్టు దగ్గర కొలవండి

ఇంజనీరింగ్ కాలేజీల్లో ప్రాజెక్టుల సీజన్ మొదలైంది, ల్యాబుల్లో రేడియో మిక్సర్లు (రెండు సిగ్నళ్లను కలిపి కొత్త ఫ్రీక్వెన్సీ ఇచ్చే భాగాలు) మాడడమూ మొదలైంది. ఈమధ్య పోయినది మామూలు +7 డీబీఎమ్ డయోడ్ మిక్సర్, అంటే ఎల్‌ఓ (లోకల్ ఆసిలేటర్, మిక్సర్‌ను నడిపే సిగ్నల్) +7 డీబీఎమ్ కావాల్సినది. డీబీఎమ్ అంటే ఒక మిల్లీవాట్‌తో పోల్చి చెప్పే పవర్. కన్వర్షన్ లాస్ (ఫ్రీక్వెన్సీ మారేటప్పుడు సిగ్నల్ తగ్గేది) 6 డీబీ రావాల్సింది 8 దాటిందని ఎల్‌ఓకు 20 డీబీ పవర్ యాంప్లిఫైయర్ తగిలించారు. పోర్టుకు చేరింది +22 డీబీఎమ్, అంటే 150 మిల్లీవాట్ల పైమాటే. ఇలాంటి చిన్న మిక్సర్లు చాలావాటికి 50 మిల్లీవాట్లే హద్దు.

అసలు తప్పు యాంప్లిఫైయర్ కాదు. ఎల్‌ఓ ఇచ్చే జనరేటర్ తెర మీది +7ను మిక్సర్ దగ్గరి +7 అనుకోవడం. దారిలో 3 డీబీ ప్యాడ్ (సిగ్నల్‌ను తగ్గించే అటెన్యుయేటర్), పాత కేబుల్ కలిసి 5 డీబీ తినేశాయి. ఎల్‌ఓ తగ్గితే డయోడ్లు పూర్తిగా తెరుచుకోవు, లాస్ పెరుగుతుంది. కాబట్టి కేబుల్‌ను మిక్సర్ నుంచి విప్పి, ఆ చివరే పవర్ మీటర్ పెట్టి +7 వచ్చేదాకా జనరేటర్‌ను పెంచండి.

ఆర్ఎఫ్ (లోపలికిచ్చే సిగ్నల్) 150, ఎల్‌ఓ 128.6, ఐఎఫ్ (బయటికొచ్చే తేడా ఫ్రీక్వెన్సీ) 21.4 మెగాహెర్ట్జ్ పెట్టుకోవచ్చు. ఐఎఫ్‌గా 10 వద్దు, పరికరాల 10 మెగాహెర్ట్జ్ రిఫరెన్స్ (టైమింగ్) సిగ్నల్ అక్కడే లీకై మోసం చేస్తుంది. ఆర్ఎఫ్ పోర్టు దగ్గర −20 డీబీఎమ్ చాలు. ఐఎఫ్ పోర్టుకు 3 డీబీ ప్యాడ్ పెట్టండి. నేరుగా ఫిల్టర్ తగిలిస్తే 278.6 దగ్గరి ఆర్ఎఫ్, ఎల్‌ఓల కూడిక ఫ్రీక్వెన్సీ వెనక్కి కొట్టి లాస్‌ను మార్చేస్తుంది. స్పెక్ట్రమ్ ఎనలైజర్‌లో −29.2 కనిపించి, ప్యాడూ కేబులూ కలిపి 3.2 అయితే, పోర్టు దగ్గర ఐఎఫ్ −26. లాస్ 6 డీబీ.

కేబుల్ లాస్ ఏ ఫ్రీక్వెన్సీకి ఆ ఫ్రీక్వెన్సీలోనే కొలవాలి.
పరికరాలు అరగంట వేడెక్కనివ్వండి.
ఎనలైజర్ ఇన్‌పుట్ డీసీ హద్దు చూడండి. 0 వోల్టులని రాసి ఉంటే డీసీ బ్లాక్ (డీసీని ఆపే ముక్క) తప్పనిసరి.
ఎనలైజర్ లోపలి అటెన్యుయేటర్ 20 డీబీతో మొదలు. మరో 10 పెంచినా రీడింగ్ కదలకూడదు. కదిలితే ఎల్‌ఓ లీకేజీ ఎనలైజర్‌నే ముంచుతోంది.
ఆర్ఎఫ్ 10 డీబీ తగ్గించండి, ఐఎఫ్ సరిగ్గా 10 తగ్గాలి.
ఆర్ఎఫ్ ఆపండి. ఐఎఫ్ గీత మాయం కాకపోతే అది మీ సిగ్నలే కాదు.
మామూలు ఎస్21 (నెట్‌వర్క్ ఎనలైజర్ ఒకే ఫ్రీక్వెన్సీలో చూపే, పోర్టు నుంచి పోర్టుకు దాటే సిగ్నల్) రీడింగ్‌ను లాస్ అని రాయొద్దు. మిక్సర్‌లో లోపలికీ బయటికీ ఫ్రీక్వెన్సీలు వేరు.
రిస్ట్ స్ట్రాప్ (ఒంటి మీది స్టాటిక్ విద్యుత్తును భూమికి పంపే పట్టీ) కట్టుకోండి.
కేబుల్ మార్చారా? ఎల్‌ఓ మళ్లీ పోర్టు దగ్గర కొలవండి. ఫ్రీక్వెన్సీ మార్చారా? మళ్లీ కొలవండి. లాస్ ఎక్కువ వచ్చిందా? మిక్సర్‌ను తిట్టకముందు ఎల్‌ఓ కొలవండి, యాంప్లిఫైయర్ మీద చెయ్యి వేయకముందు ఇంకోసారి కొలవండి.