వాటర్‌కలర్‌లో ఇంగ్లండ్ పల్లెదారి, 4వ పాఠం: వాష్ ఆరేటప్పుడు

ఈసారి దారికి రెండు పక్కలా పొదల కంచెలు వేయాలి. కానీ పోయిన పాఠంలో వేసిన ఆకాశం చాలామందికి కాలీఫ్లవర్‌లా అంచులు కట్టింది. ముందు దాని సంగతి చూద్దాం.

తప్పు రంగుదీ కాదు, పేపర్‌దీ కాదు. వాష్ (నీళ్లెక్కువ కలిపి పలచగా పరిచిన రంగు) సగం ఆరాక మళ్లీ బ్రష్ పెట్టారు. అప్పటికి పేపర్ మీది తడికంటే బ్రష్‌లో నీరెక్కువ. ఆ నీరు పక్కలకు పాకుతూ, ఇంకా అంటుకోని రంగును తోసుకుపోయి, ఆగినచోట గీతలా వదిలేస్తుంది. "ఇక్కడ తేలిపోయింది, ఇంకొక్క చుక్క" అని చెయ్యి లాగేది సరిగ్గా అప్పుడే.

బోర్డును కిటికీ వైపు పెట్టి, పక్కనుంచి వంగి చూడండి. తడి తళతళలాడుతుంటే రంగు కలపొచ్చు. మెరుపు మసకబారిందా, బ్రష్ కింద పెట్టేయండి. 300 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల) మందపాటి పేపర్ పైకి ఆరినట్టు కనిపించినా లోపల తడి ఉంటుంది. వేలి వెనకభాగం ఆనిస్తే చల్లగా తగులుతుంది. ఎండాకాలం ఫ్యాను కింద అంచులు ముందు, మధ్యభాగం తర్వాత ఆరి ఇంకా ఇబ్బంది. ఫ్యాను కట్టేయండి. మచ్చ పడితే పూర్తిగా ఆరనిచ్చి, తడి బ్రష్‌తో అంచు మెల్లగా రుద్ది టిష్యూతో అద్దండి. తడిలో మాత్రం సరిదిద్దకండి.

ఇక దారి. పెన్సిల్ పని మీకు వచ్చు. ఇంగ్లిష్ వాటర్‌కలర్ చిత్రకారుడు డేవిడ్ కాక్స్ 1814 నుంచి 1827 దాకా ఉన్న ఇంగ్లండ్‌లోని హియర్‌ఫర్డ్ ప్రాంతాన్ని మనసులో పెట్టుకోండి: ఎర్రమట్టి నేల, పొలాలకంటే లోతుగా కుంగిన దారులు. దారికీ గట్లకూ కలిపి పలచని రా సియెన్నా (పసుపు గోధుమరంగు) వేసి, తడి మెరుస్తుండగానే దారిలో మాత్రం కొంచెం లైట్ రెడ్ (ఇటుక ఎరుపు) వదలండి. బాగా ఆరాక కంచెలు: ప్రష్యన్ బ్లూ (ముదురు నీలం) ఒక పాలు, బర్ంట్ సియెన్నా (ఎర్ర గోధుమరంగు) మూడు పాళ్లు, ఎండ పడేచోట రా సియెన్నా పెంచండి. ట్యూబు ఆకుపచ్చ నేను వాడను, అది ఇంగ్లండ్ పొదకు మరీ పచ్చి. నీడలకు అల్ట్రామెరైన్ నీలం, లైట్ రెడ్. కాక్స్ కాలంనాటి చిత్రకారుడు పీటర్ డి వింట్ నీలిరంగు ఇండిగో, ఇండియన్ రెడ్ కలిపేవాడు. ఇండిగో వెలిసిపోయి ఆయన ఆకాశాలు కొన్ని ఇప్పుడు ఎర్రబారాయి.

కంచె నీడను దారికి అడ్డంగా తిన్నగా లాగేయకండి. అది చక్రాల గాడిలోకి దిగి, నడిమి గడ్డి మీదికెక్కి, మళ్లీ రెండో గాడిలోకి దిగాలి. లేకపోతే దారి నేలమీద పరుచుకోదు.

అభ్యాసం: ఎనిమిది గళ్లు గీసి, అన్నిటికీ ఒకేసారి వాష్ వేయండి. నిమిషానికొక గడిలో ఒక్కో నీటిచుక్క వేసి, ఏ నిమిషంలో అంచు కడుతోందో రాసుకోండి. పొద్దున, మధ్యాహ్నం, ఫ్యాను వేసీ ఆపీ, మొత్తం నాలుగు షీట్లు. అవి పూర్తయ్యాకే కంచెలకు దిగండి.