అరికాళ్ళ మంటలకు వెన్నులో స్టిమ్యులేటర్: ట్రయల్ వారం సరిగ్గా గడపాలంటే

షుగర్ వల్ల నరాలు దెబ్బతిని అరికాళ్ళు మండుతుంటే మొదట ప్రీగాబలిన్, డ్యులాక్సెటిన్ లాంటి మందులే వాడతారు. అవి తగిన మోతాదులో వాడినా రాత్రిళ్ళు నిద్ర పట్టకపోతే స్టిమ్యులేటర్ గురించి ఆలోచిస్తారు. వెన్నుపాము పొర వెలుపల సన్నటి తీగలు పెట్టి, కొద్దిపాటి కరెంటుతో నొప్పి సంకేతాలను అణచే పరికరం ఇది. అమెరికాలో మందులు, వైద్య పరికరాలకు అనుమతులిచ్చే సంస్థ ఎఫ్‌డీఏ 2021లో 10 కిలోహెర్ట్జ్ (సెకనుకు పదివేల స్పందనలిచ్చే) పరికరానికి ఈ జబ్బులో వాడేందుకు అనుమతిచ్చింది.

పరికరం చాలా ఖరీదు. అందుకే శాశ్వతంగా అమర్చే ముందు దాదాపు వారం రోజులు ట్రయల్ చేస్తారు. అసలు నిర్ణయమంతా ఈ వారంలోనే ఉంది.

ముందుగా షుగర్ అదుపులోకి తెచ్చుకోండి, లేకపోతే ఇన్‌ఫెక్షన్ భయం. కాలి పుండ్లు, చర్మంపై చీము ఉంటే అవి మానాకే. క్లోపిడోగ్రెల్ లాంటి రక్తం పల్చబరిచే మందులను మీ అంతట మీరు ఆపొద్దు, డాక్టరుకు చెప్పకుండానూ ఉండొద్దు. ఆ మందులు ఒంట్లో ఉండగా సూది గుచ్చితే వెన్నులో రక్తం కారి గడ్డకట్టవచ్చు, అది వెన్నుపామును నొక్కితే కాళ్ళు పడిపోవచ్చు.

బోర్లా పడుకోబెట్టి, ఎక్స్‌రేలో చూస్తూ సూదితో తీగలు ఎక్కిస్తారు. కొనలు ఛాతీ వెన్నుపూసల్లో 8 నుంచి 11 మధ్య ఉంటాయి. బ్యాటరీ బయటే, నడుముకు కట్టి ఉంటుంది.

ఇక నోట్‌బుక్ తీయండి. పొద్దున, సాయంత్రం, పడుకునే ముందు నొప్పికి 0 నుంచి 10 వరకు మార్కు వేయండి. ఎంతసేపు నడిచారో, ఎన్నిసార్లు మెలకువ వచ్చిందో రాయండి. మాత్రల మోతాదు మార్చకండి, మారిస్తే ఉపశమనం దేనివల్లో తేలదు. తీగలు బయటికి వచ్చే చోట వేసిన పట్టీ తడవకూడదు కాబట్టి తడిగుడ్డతో ఒళ్ళు తుడుచుకోవడమే. వంగి చెప్పులు తొడుక్కోవడం, నడుము తిప్పడం, బిందె ఎత్తడం వద్దు, తీగ జరుగుతుంది. ఉన్నట్టుండి ఉపశమనం పోతే చాలావరకు కారణం అదే, ఫోన్ చేయండి. కూర్చుంటే పెరిగి పడుకుంటే తగ్గే తలనొప్పి వెన్ను ద్రవం కారుతోందనడానికి గుర్తు. జ్వరం, చీము, కాళ్ళ బలహీనత, మూత్రం ఆగిపోవడం వస్తే అర్ధరాత్రయినా ఆస్పత్రికి వెళ్ళాలి.

నొప్పి కనీసం సగం తగ్గితేనే శాశ్వత పరికరం. మొహమాటానికి "బాగానే ఉంది" అనొద్దు! తగ్గకపోతే తీగలు లాగేస్తారు, దానికి కోత అక్కర్లేదు.

అమర్చాక 6 నుంచి 8 వారాలు బరువులు ఎత్తొద్దు. ఎంఆర్ఐకి వెళ్ళేటప్పుడు పరికరం కార్డు తీసుకెళ్ళండి. ఫిజియోథెరపీలో డయాథర్మీ (తరంగాలతో ఒంటి లోపల వేడి పుట్టించే చికిత్స) అసలే వద్దు, ఆ వేడి తీగల వెంట పోయి నరాలను కాలుస్తుంది. మంట తగ్గినా తిమ్మిరి మిగలొచ్చు, కనుక రోజూ అరికాళ్ళు అద్దంలో చూసుకోవడం మానొద్దు.