పెళ్లిలో లైవ్ పెయింటింగ్: ధర మాట్లాడే ముందు

పెళ్లి జరుగుతుండగానే బొమ్మ వేసే చిత్రకారుణ్ణి "మొత్తం ఎంత?" అని అడిగి ఊరుకోకండి. ధరను ముఖ్యంగా పెంచేవి కాన్వాస్ కొలత, పోలికలు కుదరాల్సిన ముఖాల సంఖ్య. 18×24 అంగుళాల నుంచి 24×36కి వెళ్తే వైశాల్యం సరిగ్గా రెట్టింపు. వధూవరుల ముఖాలే స్పష్టంగా ఉండి, మిగతావాళ్లు ఆకారాలుగా కనిపిస్తే చాలనుకుంటే ఖర్చు తగ్గించమని అడగొచ్చు. తల్లిదండ్రులూ ఉండాలంటే ముందే చెప్పండి. బొమ్మలో ఎవరు ఎక్కడ అన్న కూర్పు కుదిరాక మనుషుల్ని ఇరికిస్తే బొమ్మా చెడుతుంది, అదనపు బిల్లూ పడుతుంది.

ప్రయాణం, బస, ఫ్రేము, వార్నిష్, తర్వాత స్టూడియోలో దిద్దే మెరుగులు, ఎన్నిసార్లు మార్పులు చేస్తారు అన్నవి ఆ ధరలోనే ఉన్నాయో లేదో రాయించుకోండి. అదే రోజు ఇంటికి తీసుకెళ్లాలంటే యాక్రిలిక్ రంగులు అడగండి, పలుచటి పూత నిమిషాల్లో ఆరుతుంది. ఆయిల్ రంగులైతే చేతికి అంటకుండా ఉండటానికే రోజులు పడతాయి.

వెలుతురు సంగతి చాలామంది మర్చిపోతారు. రంగురంగుల లైట్ల కింద కలిపిన రంగులు పగటి వెలుతురులో వేరుగా కనిపిస్తాయి, ముఖ్యంగా చర్మం రంగు. ఈజిల్ (కాన్వాస్ నిలబెట్టే స్టాండు) దగ్గర తెల్లటి దీపం ఒకటి, వేదిక అడ్డు లేకుండా కనిపించే చోటు తప్పకుండా ఏర్పాటు చేయండి. వేదిక అలంకరణ కూడా చిత్రకారుడు వచ్చేసరికే పూర్తవ్వాలి, నేపథ్యం ముందే వేసుకుంటారు కాబట్టి.