హోంవర్క్ తెరుచుకోవట్లేదా? ముందు ఆ లాగిన్ ఎవరిదో చూడండి

బెంగళూరులో మారతహళ్లి, కేఆర్ పురం, హూడి వైపు మన తెలుగువాళ్ల ఇల్లు ఏది చూసినా వరస ఒకటే. నాన్నకి ఆఫీసు ల్యాప్‌టాప్, అమ్మకి ఫోను, ఊరి నుంచి వచ్చే అమ్మమ్మ సీరియళ్ల కోసం కొన్న ట్యాబు, పిల్లకి స్కూలువాళ్లు ఇచ్చిన మెయిల్ ఐడీ. చేతికి ఏది దొరికితే దాంట్లో హోంవర్క్ తెరుస్తారు. ఆదివారం మా అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో తెలుగు క్లాసు అయ్యాక తల్లిదండ్రులు "ఇది కాస్త చూడండి" అని తెచ్చే వాటిలో పాడైన మెషీన్లు చాలా తక్కువ. ఏ అకౌంట్‌తో లోపలికి వెళ్లారో తెలియకపోవడమే ఎక్కువ. అందుకే ఏ సెట్టింగూ కదిలించకముందే పైన కుడి మూలలో ఉండే గుండ్రటి బొమ్మ నొక్కి, అక్కడ ఏ మెయిల్ ఐడీ ఉందో చదవండి.

"యాక్సెస్ కావాలి" అంటోంది, టీచరేమో అందరికీ పంపానంటున్నారు

ఒకే బ్రౌజర్‌లో రెండు మూడు గూగుల్ అకౌంట్లు తెరిచి ఉంటే, ముందుగా లాగిన్ అయినదాన్నే గూగుల్ అసలు అకౌంట్‌గా తీసుకుంటుంది. మీరు పొద్దున్నే మీ జీమెయిల్ తెరిచారు, తర్వాత పాప స్కూల్ ఐడీ కలిపారు. ఇప్పుడు వాట్సాప్‌లో వచ్చిన లింకు నొక్కితే అది మీ జీమెయిల్‌తో తెరుచుకోవాలని చూస్తుంది. టీచర్ ఫైలు ఇచ్చింది పాప ఐడీకి, తలుపు కొడుతున్నది మీరు.

అక్కడ కనిపించే "యాక్సెస్ కోరండి" బటన్ నొక్కకండి. నొక్కితే కాలేజీ రోజుల్లో "కూల్‌బాయ్" అని పెట్టుకున్న మీ ఐడీ నుంచి టీచర్‌కి అభ్యర్థన పోతుంది. "ఇదెవరు?" అని ఆవిడ గ్రూపులో అడుగుతారు. నిజంగానే జరిగింది ఇది.

ఈ గొడవ శాశ్వతంగా పోవాలంటే క్రోమ్‌లో పిల్లకి వేరే ప్రొఫైల్ పెట్టాలి. క్రోమ్ అడ్రస్ బార్ పక్కన ఉండే గుండ్రటి బొమ్మ నొక్కి, కొత్త ప్రొఫైల్ కలిపి, అందులో స్కూల్ ఐడీ ఒక్కటే పెట్టండి. దానికి వేరే రంగు ఇవ్వండి. రంగు చూసి ఆరేళ్ల పిల్ల కూడా తన కిటికీ ఏదో గుర్తుపడుతుంది. ఫోనులో అయితే వాట్సాప్ లింకుల జోలికి పోకుండా గూగుల్ క్లాస్‌రూమ్ యాప్ తెరిచి, అందులో అకౌంట్ మార్చి, అక్కణ్నుంచే ఫైలు తెరవండి.

స్కూల్ ఐడీతో వెళ్లినా తెరుచుకోకపోతే తప్పు అటువైపు ఉన్నట్టే. టీచర్ ఆ ఫైలు తన సొంత జీమెయిల్లో చేసి ఉండొచ్చు. చాలా స్కూళ్లు బయటి ఫైళ్లు లోపలికి, లోపలివి బయటికి పోకుండా ఆపేస్తాయి. అప్పుడు కొందరు తల్లిదండ్రులు ఇచ్చే సలహా "లింకు ఉన్నవాళ్లందరికీ అని పెట్టేయండి మేడమ్". వర్క్‌షీట్‌కైతే ఫరవాలేదు. పిల్లల పేర్లు, మార్కులు, ఫోన్ నంబర్లు ఉన్న షీట్‌కి ఆ పని చేయిస్తే ఆ లింకు ఎక్కడికి ఫార్వర్డ్ అయితే అక్కడికి వివరాలన్నీ పోతాయి. దానికి తోడు ఎడిటింగ్ హక్కు కూడా ఇస్తే ఎవరి మార్కులు ఎవరు మారుస్తారో చెప్పలేం.

ఆఫీసు ల్యాప్‌టాప్‌లో కెమెరా రావట్లేదు, ఫైలు అప్‌లోడ్ అవట్లేదు

క్రోమ్‌లో మూడు చుక్కల మెనూ అడుగుకి వెళ్లండి. "మీ సంస్థ నిర్వహిస్తోంది" అన్న లైను ఉంటే దానికి మందు మీ చేతిలో లేదు. కంపెనీ డేటా బయటికి పోకుండా డ్రైవ్‌లాంటి వాటికి అప్‌లోడ్లు ఆపే ఏర్పాట్లు చాలా ఆఫీసుల్లో ఉంటాయి. వాటిని తప్పించే దారులు వెతకొద్దు, అది ఉద్యోగానికే ముప్పు.

నాకు ఇంకో భయం కూడా ఉంది. అడ్మిషన్ కోసం స్కాన్ చేసిన పిల్లవాడి ఆధార్, బర్త్ సర్టిఫికెట్ డెస్క్‌టాప్ మీద పడేస్తారు. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ ఫోల్డర్లని మైక్రోసాఫ్ట్ వాళ్ల ఆన్‌లైన్ స్టోరేజీ వన్‌డ్రైవ్‌లోకి బ్యాకప్ చేసేలా ఆఫీసు పెట్టి ఉంటే అవి కంపెనీ ఖాతాలోకి చేరిపోతాయి. ఉద్యోగం పోయిన రోజున ల్యాప్‌టాప్ దూరం నుంచే లాక్ అవుతుంది, పిల్లవాడి సైన్స్ ప్రాజెక్ట్ కూడా అందులోనే ఇరుక్కుంటుంది. లేఆఫ్‌ల వార్తలు వినే ఈ ఊళ్లో ఇది ఊహాగానం కాదు. కాబట్టి పిల్లవాడివి ఏమున్నా ఈ రాత్రే తీసేయండి.

ఎస్పీ రోడ్డులో కొన్న సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్ ఏదో కంపెనీ పేరు చూపిస్తోంది

రీసెట్ చేశాక ముక్కూముఖం తెలియని కంపెనీ మెయిల్ అడిగితే, ఆ మెషీన్ ఇంకా వాళ్ల రిజిస్టర్‌లో ఉందని అర్థం. విండోస్‌లో ఆటోపైలట్ అనే ఈ నమోదు హార్డ్‌వేర్‌కే ముడిపడి ఉంటుంది. విండోస్ ఎన్నిసార్లు ఎక్కించినా పోదు, ఆ కంపెనీయే తీసేయాలి. అంగట్లో నెట్ కలపకుండా సెటప్ చేసి చూపిస్తారు, అప్పుడు ఇది బయటపడదు. డబ్బులు ఇచ్చేముందు మీ ఫోన్ హాట్‌స్పాట్ కలిపించి, రీసెట్ చేయించి, మొదటి స్క్రీన్లు మీ కళ్లతో చూడండి. కుదరదంటే పక్క అంగడికి వెళ్లండి, ఎస్పీ రోడ్డులో అంగళ్లకి కరువా?

నాన్న ఫోన్లో ఆడే వీడియో స్కూల్ ఐడీలో ఆడదు

ఇది పాడవడం కాదు. 2021 సెప్టెంబరు నుంచి గూగుల్, స్కూలు అకౌంట్లలో 18 ఏళ్లు నిండినవాళ్లు ఫలానా అని స్కూలు అడ్మిన్ చెప్పకపోతే విద్యార్థులందరినీ మైనర్లుగానే చూస్తుంది. యూట్యూబ్ చాలా భాగం మూసుకుపోతుంది. టీచర్ ఆ వీడియోని క్లాస్‌రూమ్‌లో అసైన్‌మెంట్‌గా పెడితే సాధారణంగా ఆడుతుంది.

దీనికి విరుగుడుగా అందరూ చేసేది పిల్లకి నాన్న ఫోన్ ఇచ్చేయడం. దాంతో రెండు రోజుల్లో నాన్న యూట్యూబ్ నిండా బొమ్మల వీడియోలు, పిల్లకి నాన్న చూసే క్రైమ్ వార్తలు. హిస్టరీ మనిషిని చూడదు, లాగిన్‌ని చూస్తుంది. 13 ఏళ్లలోపు పిల్లకి తల్లిదండ్రుల అదుపులో ఉంచే గూగుల్ ఫ్యామిలీ లింక్‌తో సొంత అకౌంట్ పెట్టండి. పుట్టిన సంవత్సరం మాత్రం అబద్ధం రాయకండి. 1990 అని రాసి తెరిచిన అకౌంట్‌కి పిల్లలకి ఉండే రక్షణలేవీ వర్తించవు, పెద్దవాళ్ల ప్రకటనలే వస్తాయి.

తెలుగు వర్క్‌షీట్ తెరిస్తే పిచ్చి గీతలు వస్తున్నాయి

ఇది లాగిన్ గొడవ కాదు, కానీ మా క్లాసులో ఇదీ తరచుగా వస్తుంది. డీటీపీ సెంటర్లలో ఏళ్లుగా వాడే అను ఫాంట్లు యూనికోడ్ (అన్ని మెషీన్లూ ఒకేలా చదివే అక్షరాల పద్ధతి) కావు. ఆ ఫాంటు మీ దగ్గర లేకపోతే అక్షరాల స్థానంలో తలమీద చుక్కలూ గీతలూ ఉన్న ఇంగ్లిష్ అక్షరాలు వస్తాయి. పంపినవాళ్లని పీడీఎఫ్ అడగండి, లేదా అను నుంచి యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్‌లో వేయండి. కాగితం మీదున్న పాఠమైతే శుభ్రంగా ఫోటో తీసి గూగుల్ డ్రైవ్‌లో పెట్టి, గూగుల్ డాక్స్‌తో తెరిస్తే తెలుగు అక్షరాలుగా చదివి ఇస్తుంది. వత్తులు ఒకసారి సరిచూసుకోవాలి.

దీనికన్నా చిత్రమైనది ఒకటుంది. గూగుల్ ఫామ్స్ క్విజ్‌లో "కంప్యూటర్" అని పిల్ల సరిగ్గానే రాసింది, మార్కు సున్నా. పక్కపక్కన పెట్టి చూసినా రెండూ ఒకేలా ఉన్నాయి. కారణం కంటికి కనబడదు. సాఫ్ట్‌వేర్ అన్న మాట "సాఫ్ట్వేర్" అని వత్తుగా కలిసిపోకుండా ట్ తర్వాత ఒక కనబడని అక్షరం వేస్తారు. దాని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. కొన్ని తెలుగు టైపింగ్ పనిముట్లు పొల్లుతో ముగిసే ప్రతి మాట చివరా దాన్ని వాటంతటవే తగిలిస్తాయి. టీచర్ జవాబులో అది లేదు, పిల్ల జవాబులో ఉంది, అంతే. జవాబుల జాబితాలో రెండు రూపాలూ పెట్టడమో, టైపు చేసే ప్రశ్న బదులు ఎంచుకునే ప్రశ్న ఇవ్వడమో చేయాలి. ఈ కనబడని అక్షరం తక్కువదేమీ కాదు. 2018 ఫిబ్రవరిలో మన "జ్ఞా" మధ్యలో ఇది దూరి వస్తే ఐఫోన్లే కుప్పకూలాయి, యాపిల్ హడావిడిగా కొత్త వెర్షన్ వదలాల్సి వచ్చింది.

ఇక టైపింగ్ నేర్పేటప్పుడు ఫోన్లో గూగుల్ కీబోర్డు యాప్ జీబోర్డు చాలు. విండోస్‌లో లాంగ్వేజ్ సెట్టింగ్స్‌లో తెలుగు కలిపితే ఫొనెటిక్ కీబోర్డు దొరుకుతుంది.

పాప ఫోటో మాకు తెలియనివాళ్ల స్టేటస్‌లో కనబడింది

యాన్యువల్ డే మర్నాడు వచ్చే ఫిర్యాదు ఇది. క్లాసు గ్రూపులో ఎవరో ఆల్బమ్ మొత్తం పోస్ట్ చేస్తారు, అక్కణ్నుంచి ఎవరి ఇష్టం వాళ్లది. గ్రూపు నుంచి ఫోటో తీయించగలం కానీ సేవ్ అయిన కాపీలు తీయించలేం. పోస్ట్ చేసినవాళ్లకి విడిగా మర్యాదగా చెప్పండి. గ్రూపులో అందరి ముందూ నిలదీస్తే మాటామాటా పెరుగుతుంది, ఫోటో మీద ఇంకా నలుగురి కన్ను పడుతుంది.

లొకేషన్ గురించి అడుగుతారు కాబట్టి చెబుతున్నా. వాట్సాప్‌లో ఫోటోగా పంపితే అందులో దాగిన జీపీఎస్ వివరాలు పోతాయి. "క్వాలిటీ తగ్గుతోంది" అని డాక్యుమెంట్‌గా పంపితే ఉంటాయి. కెమెరా సెట్టింగ్స్‌లో లొకేషన్ ట్యాగ్ ఆపేస్తే ఆ బెంగ తీరుతుంది. కానీ నన్నడిగితే అసలు ప్రమాదం జీపీఎస్ కాదు, మెడలో వేలాడే ఐడీ కార్డు. పేరు, క్లాసు, సెక్షన్, బ్లడ్ గ్రూపు, అమ్మ ఫోన్ నంబరు, ఇంటి అడ్రస్ కూడా ఉంటాయి దాని మీద. ఇప్పటి కెమెరాల్లో జూమ్ చేస్తే అన్నీ చదవొచ్చు. ఫోటో తీసేముందు కార్డు చొక్కా లోపలికి వేయించండి. బస్సు నంబరు, రూట్ బోర్డు వెనక పడకుండా చూడండి.

గ్రూపులో ప్రతివాళ్ల నంబరూ ప్రతివాళ్లకీ కనబడుతుంది. స్కూలు వాట్సాప్ కమ్యూనిటీ పెట్టి దాని అనౌన్స్‌మెంట్ గ్రూపు వాడితే నంబర్లు అడ్మిన్లకి తప్ప తోటి తల్లిదండ్రులకి కనబడవు. పీటీఎంలో అడిగి చూడండి.

బస్ ట్రాకింగ్ యాప్ కాంటాక్ట్స్, లొకేషన్, మైక్ అన్నీ అడుగుతోంది

జీపీఎస్ ఉండేది బస్సులో. మీ కాంటాక్ట్స్‌తో దానికేం పని? నోటిఫికేషన్లు ఒక్కటి ఇచ్చి మిగతావన్నీ వద్దనండి. బస్సు మ్యాప్‌లో కనబడుతూనే ఉంటే ఆ అనుమతులు అక్కర్లేనట్టే. ఎందుకు కావాలని స్కూల్‌కి రాతపూర్వకంగా అడగడం మీ హక్కు. 2023లో వచ్చిన డేటా రక్షణ చట్టం 18 ఏళ్లలోపువాళ్లందరినీ పిల్లలుగానే లెక్కిస్తుంది, వాళ్ల వివరాలు వాడాలంటే తల్లిదండ్రుల సమ్మతి కావాలంటుంది. పిల్లల విషయంలో బాధ్యత తప్పితే జరిమానా 200 కోట్ల దాకా ఉంది. 2025 నవంబరులో నియమాలు నోటిఫై అయ్యాయి, అమలు మాత్రం దశలవారీగా. స్కూళ్లకి చదువు, భద్రత పనుల మేరకు కొన్ని మినహాయింపులు ఉన్నాయి. గోప్యత ప్రాథమిక హక్కేనని చెప్పి ఈ చట్టానికి పునాది వేసిన 2017 ఆగస్టు 24 నాటి సుప్రీంకోర్టు తీర్పు ఎవరి పేరు మీద ఉందో తెలుసుగా, కర్ణాటక హైకోర్టు రిటైర్డ్ జడ్జి పుట్టస్వామిగారిది.

"ఫీజు రసీదు" అని వచ్చిన ఫైలు ఇన్‌స్టాల్ చేయమంటోంది

రసీదుకి ఇన్‌స్టాల్ ఏమిటి? ఫైలు పేరు చివర ఏపీకే అని ఉంటే అది యాప్. ఎక్కించేస్తే మీ మెసేజ్‌లు చదివి ఓటీపీలు మోసగాళ్లకి పంపేస్తుంది. ఇప్పటికే ఎక్కించి ఉంటే టెన్షన్‌లో అదే ఫోన్ నుంచి ఫోన్లు చేయకండి. దాన్ని ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, వేరే ఫోన్ నుంచి ముందు బ్యాంకుకి, వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చేయండి. తీసేయడం తర్వాత. మామూలుగా పోకపోతే, మనం ఎక్కించిన యాప్‌లు నడవని సేఫ్ మోడ్‌లో, అప్పటికీ పోకపోతే ఫ్యాక్టరీ రీసెట్.

స్కూలు మారాం, పాత ఐడీ తెరుచుకోవట్లేదు

టీసీ తీసుకున్నాక స్కూలు ఐడీ మూసేస్తుంది. అది వాళ్ల సొత్తు, గూగుల్‌ని అడిగినా లాభం లేదు. కాస్త గడువు ఇవ్వమని స్కూల్ ఐటీవాళ్లని వెంటనే బతిమాలడమే దారి. టీసీకి అప్లై చేసేముందే అయితే మన డేటా కాపీ తీసుకునే గూగుల్ టేక్అవుట్‌లో స్కూలు అకౌంట్లకి సొంత జీమెయిల్‌కి కాపీ చేసే ఏర్పాటు ఉంటుంది, స్కూలు దాన్ని ఆపి ఉండకపోతే. కాపీ సగంలో ఆగితే మీ జీమెయిల్ నిండిందేమో చూడండి. ఉచితంగా వచ్చే 15 జీబీలోనే మెయిళ్లు, డ్రైవ్, ఫోటోలు, ఆండ్రాయిడ్‌లో వాట్సాప్ బ్యాకప్ కూడా పడతాయి.

ఫైళ్లు దించుకుని ఊరుకోకండి. పిల్ల ఏ కోడింగ్, టైపింగ్ సైట్లలో "గూగుల్‌తో లాగిన్" అని ఈ స్కూల్ ఐడీ వాడిందో జాబితా రాయించండి. ఒక్కొక్క దాంట్లోకి వెళ్లి మెయిల్ మార్చాలి. మార్చేటప్పుడు కొన్ని సైట్లు కన్ఫర్మేషన్‌ని పాత ఐడీకే పంపుతాయి, కాబట్టి అది పని చేస్తుండగానే ఈ పని కానివ్వండి.