షుగరున్నవాళ్ల పళ్లకీ కళ్లకీ ఒకే ఫైలు పెట్టండి

మా అత్తయ్యకు చాలా ఏళ్లుగా షుగరు. పంటి డాక్టరు దగ్గరికీ, కంటాసుపత్రికీ ఆమెను తీసుకెళ్లేది నేనే. రెండుచోట్ల కాగితాలూ ఒకే ఫైల్లో పెడతాను.

చిగుళ్ల కింద పాచి, గార పేరుకుంటే పోర్ఫిరోమోనాస్ జింజివాలిస్ లాంటి బ్యాక్టీరియా అక్కడ తిష్ఠ వేస్తుంది. ఆ వాపు నోటితో ఆగదు, ఒంట్లో ఇన్సులిన్ పనికి కూడా అడ్డు తగులుతుంది. దాంతో షుగరు పెరుగుతుంది, పెరిగిన షుగరు చిగుళ్లను ఇంకా పాడుచేస్తుంది. కంటి వెనుక ఉండే రెటీనా పొరలోని సన్నని రక్తనాళాలను దెబ్బతీసేదీ ఆ షుగరే. చిగుళ్ల జబ్బున్నవాళ్లలో రెటినోపతీ, అంటే షుగరు వల్ల రెటీనా పాడవడం, ఎక్కువగా కనిపించిందని కొన్ని అధ్యయనాలున్నాయి. అలాగని పళ్లు క్లీన్ చేయిస్తే చూపు బాగవుతుందని ఎవరైనా చెప్తే నమ్మకండి, అది రుజువు కాలేదు. చిగుళ్లకు చికిత్స చేయిస్తే మూడు నాలుగు నెలల్లో హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల షుగరు సగటు చెప్పే రక్తపరీక్ష) సగటున 0.4 శాతం పాయింట్లు తగ్గిందని, చాలా అధ్యయనాలను కలిపి చూసిన 2022 నాటి కోక్రేన్ సమీక్ష తేల్చింది. నాకు ఆ మాత్రం చాలు.

బ్రష్ చేస్తే రక్తం రావడం, నోటి దుర్వాసన, చిగురు కిందికి జారడం, పన్ను కదలడం... వీటిలో ఏది కనిపించినా చూపించాలి. "ఈ వయసులో పళ్లు కదలవా ఏంటమ్మా" అంటుంది అత్తయ్య. ఆ మాట వినకండి. పొద్దున అపాయింట్‌మెంట్ తీసుకుని, టిఫిన్ పెట్టి, మాత్రలు వేసి తీసుకెళ్లండి. ఖాళీ కడుపుతో వద్దు. రక్తం పలచబడే మందులు వాడుతుంటే ముందే చెప్పండి. చిగురుకీ పంటికీ మధ్య పాకెట్ (సందు) లోతెంతో అడిగి రాసుకోండి. 3 మిల్లీమీటర్ల దాకా పర్వాలేదు, 4 గానీ అంతకు మించి గానీ ఉంటే చికిత్స గురించి అడగాలి.

స్కేలింగ్ (గార గీకి తీయడం) చేయిస్తే పళ్లు వదులవుతాయని మా వీధిలో సగం మంది భయం. నిజానికి పళ్ల మధ్య గార పోయాక ఖాళీ బయటపడుతుంది, అంతే. ఇంట్లో మెత్తటి బ్రష్‌తో రోజుకు రెండుసార్లు, రెండేసి నిమిషాలు, చిగురు అంచు వెంట తోమితే చాలు. బొగ్గుపొడి, ఇటుకపొడి మానేయించండి. కట్టుడు పళ్లుంటే రాత్రి తీసి పెట్టాలి.

ఇక కళ్లు. టైప్ 2 షుగరు (ఎక్కువమందికి ఉండే రకం) అని తెలిసిన వెంటనే ఒకసారి, ఆ తర్వాత డాక్టరు వేరేలా చెప్పకపోతే ఏడాదికోసారి రెటీనా పరీక్ష చేయించాలి. చూపు బాగానే ఉందిగా అని వాయిదా వేయొద్దు, రెటినోపతీ మొదట్లో బయటికి తెలియదు. కళ్లజోళ్ల షాపులో చేసే నంబరు పరీక్ష దీనికి సరిపోదు. పరీక్ష కోసం కంట్లో మందు చుక్కలు వేస్తే కొన్ని గంటలు చూపు మసకగా ఉంటుంది కాబట్టి తోడు వెళ్లండి, బండి మాత్రం వాళ్ల చేతికివ్వకండి. చలువ కళ్లజోడు దగ్గరుంచుకోండి. చిగుళ్ల సంగతి కంటి డాక్టరుకీ, కంటి రిపోర్టు పంటి డాక్టరుకీ చూపించండి. ఉన్నట్టుండి కళ్ల ముందు నల్లచుక్కలు తేలినా, పరదా పడినట్టున్నా మాత్రం అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా ఆ రోజే వెళ్లిపోండి.