పైథాన్ మాడ్యూల్ వేరియబుల్‌ను అడిగినప్పుడే లెక్కించడం

ఎనుమాముల మార్కెట్ మిర్చి ధరలు చూసుకోవడానికి హన్మకొండలో నేను రాసుకున్న పైథాన్ ప్రోగ్రాములో ‘ధరలు’ అనే మాడ్యూల్ (ఇతర ఫైళ్లు ఇంపోర్ట్ చేసి, అంటే తెచ్చుకుని వాడుకునే కోడ్ ఫైలు) ఉంది (పైథాన్ 3 తెలుగు పేర్లను ఒప్పుకుంటుంది). తేజ, వండర్‌హాట్, చపాట రకాల ధరలున్న ఫైలును చదివి ‘పట్టిక’ అనే వేరియబుల్‌లో పెట్టే లైనును దాని మొదట్లోనే రాశాను. మాడ్యూల్‌ను తొలిసారి ఇంపోర్ట్ చేసినప్పుడు పైథాన్ అందులోని లైన్లన్నింటినీ పైనుంచి కిందికి నడుపుతుంది కనుక, కేవలం హెల్ప్ చూడాలనుకున్నా ఫైలంతా చదివేదాకా ఆగవలసి వచ్చేది.

ఆ పనిని ఒక ఫంక్షన్‌లోకి మార్చి, పైన పైథాన్‌తోపాటే వచ్చే ఫంక్‌టూల్స్‌లోని క్యాష్ డెకరేటర్ (ఫంక్షన్ ఫలితాన్ని దాచిపెట్టే గుర్తు) పెట్టడం అన్నిటికన్నా సులువు. ఇది 3.9 వెర్షన్ నుంచి ఉంది. మొదటి కాల్‌లో ఫైలు చదువుతుంది, ఆపైన దాచిన ఫలితమే వస్తుంది. కొత్తగా రాసేవారు ఇక్కడితో ఆగవచ్చు.

అయితే ‘ధరలు.పట్టిక’ అని ఇతర ఫైళ్లలో ఇప్పటికే చాలాచోట్ల వాడి ఉంటే, 2018లో 3.7 వెర్షన్‌తో వచ్చిన మాడ్యూల్ స్థాయి గెట్‌యాటర్ అక్కరకొస్తుంది. ముందు పాత లైను తీసేసి, ముందూ వెనుకా రెండేసి అండర్‌స్కోర్లతో ఆ పేరున ఫంక్షన్ రాయాలి. అడిగిన పేరు మాడ్యూల్‌లో దొరకనప్పుడు మాత్రమే పైథాన్ దీన్ని పిలుస్తుంది. పేరు ‘పట్టిక’ అయితే ఫైలు చదివి, విలువను గ్లోబల్స్ డిక్షనరీలో (మాడ్యూల్‌లోని పేర్లు, వాటి విలువలు ఉండే చోటు) అదే పేరున పెట్టి రిటర్న్ చేయాలి. పెట్టకపోతే అడిగిన ప్రతిసారీ ఫైలు మళ్లీ చదువుతుంది. మరే పేరైనా వస్తే అట్రిబ్యూట్‌ఎర్రర్ ఇవ్వాలి, లేకుంటే టైపింగ్‌లో తప్పిన పేరుకూ ‘నన్’ (ఏమీ లేదనే విలువ) వచ్చి, ఆ తప్పు ఎక్కడో దూరాన బయటపడుతుంది.

నాకు ఒక పూటంతా పోయింది మాత్రం వేరేచోట. అదే మాడ్యూల్‌లోని ‘సగటు’ ఫంక్షన్‌లో ‘పట్టిక’ అని నేరుగా రాస్తే పైథాన్ గెట్‌యాటర్ జోలికి పోకుండా నేమ్‌ఎర్రర్ ఇస్తుంది. బయటినుంచి ఎవరైనా ఒకసారి ‘ధరలు.పట్టిక’ అడిగాక విలువ గ్లోబల్స్‌లో చేరుతుంది కనుక అదే ఫంక్షన్ చక్కగా నడుస్తుంది. అందుకే నా టెస్టులు ఒక వరుసలో పాసై, మరో వరుసలో ఫెయిలయ్యేవి. ఫైలు చదివే పనిని క్యాష్ ఉన్న ఒక లోపలి ఫంక్షన్‌కు అప్పగించి, ‘సగటు’, గెట్‌యాటర్ రెండూ దాన్నే పిలిచేలా మార్చాక ఆ బాధ తీరింది.

‘ఫ్రమ్ ధరలు ఇంపోర్ట్ పట్టిక’ అని రాసినచోట మాత్రం ఫైలు ఆ క్షణమే చదువుతుంది. అలాంటి లైన్లు ఎక్కడున్నా వెతికి మార్చాలి. ఆ తర్వాత పైథాన్ కమాండుకు డ్యాష్, పెద్ద ఎక్స్, ఇంపోర్ట్‌టైమ్ జోడించి నడిపితే ఒక్కో మాడ్యూల్‌కు పట్టిన సమయం మైక్రోసెకన్లలో కనిపిస్తుంది. ‘ధరలు’ ఎదుట అంకె తగ్గాలి. అలాంటి లైను ఇంకా ఏదైనా మాడ్యూల్‌లో మిగిలితే, ఫైలు చదివిన సమయం ‘ధరలు’ ఎదుట కాక ఆ మాడ్యూల్ ఎదుట కనిపిస్తుంది.